ఆ ఆరు గిన్నెలు

"ఇస్త్రీ చొక్కా ఎక్కడ తగలేశావ్?" అని మొగుడుగారు ఫోన్ చేసే వేళకి ఆమె చేతులు రెండూ మంచు పెట్టెలో ఉన్నాయి. ల్యాబ్‌లో ఆమె పని కణాలు చూడటం కాదు, వాటికి పక్కలు పరవడం. ఒంట్లో కాలేయం కణాల చుట్టూ అల్లుకుని ఉండే ప్రోటీన్‌ని జెల్‌లా కలిపి, చల్లగా ఉండగానే చిన్న గిన్నెల్లో పొయ్యాలి. అది గట్టిపడ్డాక పైన క్యాన్సర్ కణాలు వదులుతారు. అవి ఎంత లోతుకి దూరాయో ల్యాబ్ నడిపే మేడమ్ చూస్తుంది. "ఇక్కడా గిన్నెలే, అక్కడా గిన్నెలే" అని ఆయన వెక్కిరింపు. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. "పొడిగించకపోతే పీడా పోయె, ఇంటిపట్టునుండు. మళ్ళీ వెతుక్కోవడాలేం వద్దు" అని తీర్మానం కూడా చేసేశాడు మహానుభావుడు.

మోచేత్తో స్పీకర్ నొక్కి, "బీరువాలో ఎడమవైపండీ... అబ్బా, ఎడమ!" అంటూ, ఒకసారి వేసిన ప్రోటీనే మళ్ళీ వేసి కలిపేసింది. ఆ జెల్ ఆరు గిన్నెల్లోకి వెళ్ళింది. సాయంత్రం సీసా సగానికి దిగిపోయి కనిపిస్తేగానీ సంగతి తెలీలేదు. అప్పటికే కణాలు వదిలేశారు. సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేసి ఇంటికెళ్ళిపోయింది.

మూడోరోజు మేడమ్ మైక్రోస్కోప్ మీంచి తలెత్తలేదు. "అన్నిట్లో ఒకే కణాలు కదా, ఈ ఆరింట్లోనే ఇంత లోతుకెలా దూరాయి?"

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుందేమో. కానీ లేని కారణం కోసం మేడమ్ నెలల తరబడి వెతుకుతుంది. పాపం కదూ? "తప్పు నాదే మేడమ్, ప్రోటీన్ రెండుసార్లు పడింది" అనేసి తల వంచుకుంది. పదకొండేళ్ళ కాపురంలో పాలు పొంగినా, బిల్లు కట్టడం మరిచినా వినపడేది ఒకటే: "బుర్ర ఎక్కడ పెట్టావ్?" ఇప్పుడూ అదే వస్తుందని కాచుకుని నిలబడింది.

మేడమ్ స్టూలు లాగి ఆమెని కూర్చోబెట్టింది. "ఎంత పడింది? గుర్తు చేసుకుని చెప్పు. మూడేళ్ళుగా కణాల వెంటే పడ్డాం, చుట్టూ ఉన్నదాన్ని పట్టించుకున్నామా? ఇది నిజమో కాదో తేలాలి. ఈసారి కావాలనే చెయ్. కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో ఎక్కువ. ఈ జెల్ సంగతి నీ చేతికి తెలిసినట్టు ఇంకెవరి చేతికీ తెలీదు."

ఎంత మంచి మాట! ఆ చేతుల్ని అలా అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు. మేడమ్‌ని కన్నతల్లి కడుపు చల్లగా ఉండాలి అనుకుంది మనసారా.

మేడమ్ సొరుగులోంచి కాగితం తీసింది. "రెండేళ్ళకి పొడిగిస్తున్నాం. ఇంట్లో అడిగి రేపు చెప్తావా?"

"ఇప్పుడే చేస్తాను మేడమ్, సంతకం ఎక్కడ?" అంది ఆమె.