తాడు దాటినవాళ్ళు

నిర్మల స్టీరింగు పట్టిన దగ్గర్నుంచీ ఏనుగురాయి మలుపు దగ్గర జనం జీపు దిగిపోయేవారు. సంతకి పోయేటప్పుడూ దిగేవారు, సంత నుంచి వచ్చేటప్పుడూ దిగేవారు. ఆ మలుపులో ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, మధ్యలో ఒక్క జీపుకి సరిపోయే దారి. ఎక్కేటప్పుడు మొదటి గేరులోకి మార్చాలి, ఆ మార్చే క్షణంలో జీపు కాస్త వెనక్కి జారుతుంది. జారి, మళ్ళీ పట్టుకుంటుంది. ఆ కాస్త జారడానికే పనసపుట్టు ఊరంతటికీ గుండె జారిపోయేది.

ఆమె తండ్రి సోంబరు నడిపిన రోజుల్లో అదే మలుపులో వీళ్ళందరూ హాయిగా కునుకు తీసేవారు. సోంబరు కళ్ళకి పొర కమ్మింది, డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. కూతురు లైసెన్సు తెచ్చుకుని వానాకాలం నుంచి తనే నడుపుతోంది. ఇన్నాళ్ళలో రాయికి రాసింది లేదు, గొయ్యిలో దించింది లేదు. అయినా మలుపు రాగానే ఒకరికి కాళ్ళు తిమ్మిరెక్కేవి, ఇంకొకరికి కాస్త గాలి పీల్చుకోవాలనిపించేది. మర్యాదస్తులు కదా, నీ మీద నమ్మకం లేదని ఎవరూ మొహం మీద అనరు. దిగి, నడిచి, మలుపు దాటాక మళ్ళీ ఎక్కి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుంటారు. దిగనివాడు ఒక్క సోంబరే.

ముత్యాలమ్మ మాత్రం సాకులు చెప్పేది కాదు. ఆవిడ నిర్మలకి వరసకి మేనత్త. కోళ్ళగంప చంకన పెట్టుకుని అందరికంటే ముందు దిగేది.

"నీ మీద కోపం కాదే గుంటా, నా పేనమ్మీద తీపి" అనేది.

నిర్మల నవ్వేసేది. ఆ నవ్వు మలుపు దాటేదాకా కూడా నిలిచేది కాదు. ఖాళీ జీపుని ఆ మలుపులో ఎక్కించిన ప్రతిసారీ ఆమెకి ఏడుపొచ్చేది. తన ఊరివాళ్ళు, తనని ఎత్తుకు పెంచినవాళ్ళు, పసుపుబస్తాలనైతే జీపులో వదిలేసి, తాము మాత్రం దిగి నడిచేవారు. బస్తాలకున్నపాటి ధైర్యం మనుషులకి లేదా అని ఒళ్ళు మండేది.

అందుకే గెడ్డవలస జీపు పందెంలో పేరు ఇచ్చింది.

చోడి పంట కోతలయ్యాక ఏటా గెడ్డవలస మెట్టమీద ఆ పందెం జరుగుతుంది. సన్యాసిరావు అనే ఆయన జరిపిస్తాడు. ఆయన ఉద్యోగమంతా ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సు వదిలాక మెడలో ఈల వేసుకున్నాడు. మెట్టంతా ట్రాక్టరుతో చదును చేయించి, గుండ్రంగా ట్రాకు వేయించి, చుట్టూ కొబ్బరితాడు కట్టించాడు. మొదట్లో రూల్సూ గీల్సూ ఏమీ లేవు. ఒక ఏడు ఓడిపోయినవాడి బావమరుదులు గెలిచినవాడి జీపు అద్దాలు పగలగొట్టారు. మర్నాటినుంచి సన్యాసిరావు దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి తప్ప అన్నిటికీ రూలుంది.

"పందేలెందుకే? రోజూ నడిపేది సాలదా?" అన్నాడు సోంబరు.

"రోజూ నడుపుతున్నా దిగిపోతన్నారు కద అయ్యా. పదిమందిలో గెలిస్తే మరి దిగరు."

"గెలకపోతే?"

నిర్మల జీపు అద్దం తుడవడం మొదలుపెట్టింది. గెలవకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. జనం ఇలాగే దిగుతూ దిగుతూ, ఒకనాడు అసలు ఎక్కడమే మానేస్తారు. పక్క ఊరి జీపు వచ్చి ఆ దారి పట్టుకుంటుంది. తండ్రి నడిపిన దారి తన చేతిలో పోయిందనే మాట ఆమె పడలేదు.

పందెం రోజున ఊరు ఊరంతా ఆమె జీపులోనే బయల్దేరింది. కేకలు, పాటలు, సీసాల్లో అంబలి, టాపు మీద కుర్రకారు. ఏనుగురాయి మలుపు రాగానే పాట ఆగింది. అందరూ దిగారు. మా గుంట గెలవాలి అని పాడుకుంటూ వచ్చినవాళ్ళే దిగి, మలుపు అవతల మళ్ళీ ఎక్కి, ఆపిన చోట పాట అందుకున్నారు. నిర్మలకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పందేనికి ముందు సన్యాసిరావు డ్రైవర్లందరినీ వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఒకతన్ని అక్కడికక్కడే ఇంటికి పంపేశాడు. తర్వాత మైకు పుచ్చుకున్నాడు.

"ఇనండర్రా. హెల్మెట్టు తీసినోడు ఇంటికే. పసుపు జెండా ఊపితే మెల్లగా పోవాల, ఒకరినొకరు దాటకూడదు. బండి దిగబడితే బెల్టు తియ్యకండి, సెయ్యి పైకెత్తి కూకోండి. సొంతంగా బయటికి లాక్కుంటే సరి, లేదంటే ట్రాక్టరొస్తాది. తాడు దాటి ఒక్క మనిషి లోపలికి రాకూడదు. ఎవుడైనా బండి మీద సెయ్యేసినాడో, ఆ బండి ఔటు. మీతో ఒచ్చిన జనానికి మీదే పూచీ. ఆళ్ళు నోరు పారేసుకుంటే మీరు పారేసుకున్నట్టే, మళ్ళా ఏడు మీ మొగం నాకు సూపించక్కర్లేదు. పోయి మీ మీ ఓళ్ళకి సెప్పుకుని రండి."

నిర్మల వెళ్ళి తనవాళ్ళకి పూసగుచ్చినట్టు చెప్పింది. తాడు చూపించింది. దాటొద్దని ఒట్టు వేయించుకుంది.

"మాకేటి పని లోపల? సూడ్డానికి ఒచ్చినాం, సూత్తాం" అంది ముత్యాలమ్మ, తాడు పక్కనే చతికిలబడి చుట్ట ముట్టిస్తూ. సోంబరు ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన చూడ్డానికి రాలేదు, వినడానికి వచ్చాడు.

జెండా ఊగింది. మొదటి రౌండులో దుమ్ము తప్ప ఎవరికీ ఏమీ కనపడలేదు. దుమ్ము తేరుకునేసరికి అందరికంటే ముందు మల్లేశు ఉన్నాడు. గూడెం కొత్తవీధి నుంచి వచ్చిన డ్రైవరు, కిందటి ఏడు గెలిచినవాడు. అతని వెనకే నిర్మల.

అంతలో ఎవరిదో జీపు ట్రాకు మధ్యలో ఆగిపోయింది. పసుపు జెండా ఊపారు. మల్లేశు మెల్లబడ్డాడు. పక్కన దాటిపోయేంత చోటుంది, కాలు కొంచెం నొక్కితే చాలు. నిర్మల నొక్కలేదు. ఆ జీపుని పక్కకి లాగేసి జెండా దించేదాకా ఓపిగ్గా అతని వెనకే నడిచింది. ఆ తర్వాత పల్లపు మలుపులో మల్లేశు బ్రేకు కొట్టాడు. ఆమె కొట్టలేదు, గేరు తగ్గించి ఇంజనుతోనే జీపుని పట్టి ఆపుకుంటూ లోపలిపక్క నుంచి జారుకుంది. ఘాట్ దిగేటప్పుడు రోజూ చేసే పనే అది. దాటేసింది.

"రెండో గేరు. నా బండే, ముందున్నాది" అన్నాడు సోంబరు కళ్ళు మూసుకునే.

చివరి రౌండు మొదలైంది. ముందు ఎవరూ లేరు. అప్పుడు నిర్మల చేయకూడని పని ఒకటి చేసింది. ముత్యాలమ్మ చూస్తోందా లేదా అని తాడు వైపు తల తిప్పింది.

ఒక్క చూపే. ఆ చూపులో జీపు ఓరకి జరిగింది. పక్కనున్న గెడ్డవాగు నీళ్ళు ఊరి మెత్తబడిన నేలలోకి వెనక చక్రం దిగబడిపోయింది. మల్లేశు జుయ్యిమని దాటిపోయాడు.

నిర్మల చెయ్యి పైకెత్తింది. బెల్టు తియ్యలేదు. రెండో చేత్తో రివర్సు వేసింది, మొదటి గేరు వేసింది, మళ్ళీ రివర్సు వేసింది. జీపు ఉయ్యాలలా ఊగుతోంది. ఇంకొంచెం ఊగితే తనంతట తనే బయటపడేదేమో. మల్లేశుని మళ్ళీ అందుకునేదేమో కూడా. కానీ చక్రం ఊరికే తిరిగి బురద చిమ్మే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటే కొండ ఊళ్ళవాళ్ళు ఆలోచించరు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఘాట్ రోడ్డు మీద ఆ చప్పుడు వినగానే దిగి తోశారు. తమ జీపైనా తోశారు, ముక్కూ మొహం ఎరగని లారీ అయినా తోశారు. ఒట్టు వేసింది నోరు. కాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అందరికంటే ముందు ముత్యాలమ్మ లేచింది. చుట్ట పారేసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, తాడు కిందనుంచి దూరి పరుగెత్తింది. ఆమె వెనక పనసపుట్టు మొత్తం పరుగెత్తింది.

"ఒద్దు! ఒద్దత్తా! రాకండి!" నిర్మల గొంతు చించుకుంది. హెల్మెట్టులోంచి అరిచిన అరుపు ఎవరికి వినపడుతుంది? వినపడినా ఆగేవాళ్ళా! భుజాలు ఆనించి ఒక్క పెట్టున తోశారు. జీపు గట్టున పడింది. జనం ఈలలు వేశారు.

సన్యాసిరావు ఈల వాళ్ళందరి ఈలలనీ మింగేసింది. ఎర్ర జెండా లేచింది. వెనక వస్తున్న జీపులు కీచుమంటూ ఎక్కడివక్కడ ఆగాయి. ఒక జీపు అయితే పొద్దున టాపు మీద వచ్చిన కుర్రాడికి జానెడు దూరంలో ఆగింది.

సన్యాసిరావు చరచరా వచ్చాడు. ముత్యాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురు నిలిచింది.

"తోత్తే తప్పేటి బాబూ? దిగబడిన బండిని సూత్తా కూకోమంటావేటి?"

వెనక జనం కూడా గొణుగుడు మొదలుపెట్టారు. ఇంకొక్క మాట దొర్లితే తగువే. పందెం ఎలాగూ ఆగింది. నిర్మల హెల్మెట్టు తీసి జీపు దిగింది, ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది.

పసుపు జెండా అప్పుడు ఆమె మల్లేశుని దాటకుండా ఉండిపోవడం సన్యాసిరావు కళ్ళారా చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఇక్కడ శానా ఊళ్ళ జనం ఉన్నారు. ఈళ్ళు నీతో ఒచ్చినోళ్ళు కాదనుకో, ఎవురో దారినపోయేవోళ్ళు దూరీసినారనుకో, నీ తప్పు లేదు. ఆఖరి రౌండు మళ్ళా ఏయిత్తాను. సెప్పు, ఎవురు ఈళ్ళు?"

ఒక్క మాట. నాకు తెలీదు అంటే చాలు, పందెం మళ్ళీ చేతికొస్తుంది. మల్లేశుని ఒకసారి దాటింది, ఇంకోసారి దాటగలదు. అయినా, తెలీదు అనడం అబద్ధం ఎలా అవుతుంది? వారం వారం మలుపు దగ్గర తనని ఒంటరిగా వదిలేసి దిగిపోయేవాళ్ళు తనవాళ్ళు ఎలా అయ్యారు? ఈ ఉదయం కూడా దిగారు కదా!

తల ఎత్తి చూసింది. ముత్యాలమ్మ మోకాళ్ళదాకా బురదలో ఉంది. రొప్పుతోంది. ఆ వయసులో ఆమె అంత పరుగు ఎప్పుడు పరుగెత్తిందో ఏమో. ముంజేతి మీద చక్రం చిమ్మిన రాయి గీరుకుని రక్తం కారుతోంది, ఆ సంగతి ఆవిడ గమనించనే లేదు.

"నావోళ్ళే మాస్టారూ" అంది నిర్మల. "నా జీపులో ఒచ్చినోళ్ళే. మీరు సెప్పమన్నారు, నాను సెప్పినాను. అయినా దాటినారు. పూచీ నాదే."

అనేసరికి ఆమెకి ఏడుపొచ్చింది, అందరి ముందూ చేత్తో తుడుచుకుంది. గొణుగుడు ఆగిపోయింది. సన్యాసిరావు, ఔటని చెప్పే నల్ల జెండా తెప్పించి ఆమె జీపు ముందు ఊపాడు. ఊపి, చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"మళ్ళా ఏడు రా. ఈళ్ళని మాత్రం తాడుకి కట్టేసి మరీ రా" అన్నాడు.

పందెం మల్లేశు గెలిచాడు. అతనొచ్చి నిర్మలతో ఒక మంచిమాట అని వెళ్ళాడు. పనసపుట్టువాళ్ళు తప్పు చేసిన పిల్లల్లా ఒక్కొక్కరూ వచ్చి జీపెక్కారు. పాటలు లేవు. ముత్యాలమ్మ కోళ్ళగంప లేకపోయినా అలవాటుగా వెనక మెట్టు దగ్గర కూర్చోబోయింది, ఏమనుకుందో ముందుకొచ్చి సోంబరుని వెనక్కి పొమ్మని నిర్మల పక్కన కూర్చుంది.

ఎండ వాలుతుండగా ఏనుగురాయి మలుపు వచ్చింది. నిర్మల ఎప్పటిలాగే మలుపు కింద జీపు ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దిగేవాళ్ళ కోసం ఎదురుచూసింది. ఇవాళ మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది.

ఎవరూ కదల్లేదు. టాపు మీద కుర్రకారు కూడా దూకలేదు.

"ఆపీసినావేటే?" అంది ముత్యాలమ్మ.

"దిగుతారని."

"తోసి తోసి నడుములిరిగిపోనాయి, ఇప్పుడెవులు నడుత్తారు?" అని విసుక్కుంది ముత్యాలమ్మ. తర్వాత గొంతు మార్చి, దారికేసి చూస్తూ మెల్లగా అంది. "ఆగిపోతే అప్పుడు దిగి తోత్తాం. ముందే దిగడం ఎందుకూ? బేగి పోనీ."

నిర్మల మొదటి గేరు వేసింది. జీపు కాస్త వెనక్కి జారింది. ముత్యాలమ్మ చెయ్యి టక్కున ఆమె మోకాలు పట్టుకుంది, పట్టుకుని అలాగే ఉంచింది. జీపు మళ్ళీ నేల పట్టుకుని మలుపెక్కింది, నిండుగా, బరువుగా, అందరితో.