ఒక్కో వేటకు ముప్పై పెట్టెలు

నాకు పెళ్ళై ఇవాళ్టికి డెబ్బై ఎనిమిది రోజులు. అందులో మా ఆయన ఇంట్లో ఉన్నవి ఇరవై ఆరు. ఈ లెక్క నన్నెవరూ అడగలేదు, నేనే వేసుకున్నాను. కొత్త పెళ్ళికూతురికి ఇంతకన్నా ముఖ్యమైన లెక్క ఇంకేముంటుంది?

పడవ రేవుకు వచ్చిన రోజు నేను నేల మీద నడవను. ఆయన చొక్కా దండెం మీద ఆరుతుంటే దాని కింద నిలబడి ఆ ఉప్పు వాసన పీలుస్తాను. ఒకే అద్దంలో ఇద్దరం తల దువ్వుకుంటాం, ఆయన నా తల మీదుగా, నేను ఆయన మోచేతి కింది నుంచి. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చదివి కాలేజీకి రెండోదానిగా వచ్చిన మనిషిని, పళ్ళు తోముకుంటూ నాలో నేనే నవ్వుకుంటున్నాను. మా అత్తయ్య చూసి, "దీనికి పిచ్చి పట్టలేదురా, పెళ్ళి పట్టింది" అంటుంది.

నాలుగు రోజులు వేట, రెండు రోజులు ఇల్లు. పడవ మావయ్యగారిది, నడిపేది మా ఆయన. చిన్న పడవ. దాని అడుగున ఐసు దిమ్మలు పన్నెండుకు మించి పట్టవు. పన్నెండు దిమ్మలూ నాలుగు రోజుల్లో కరిగిపోతాయి. ఐదో రోజుకు పట్టిన చేప పాడవుతుంది. అంటే నాలుగు రోజుల దూరంలో చేప దొరికినంత కాలమే మా పడవ పడవ. చేప ఇంకో రోజు అవతలికి జరిగిందా, దాన్ని అమ్ముకోవడమో, పొయ్యిలో పెట్టుకోవడమో. ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే రేవులో ఉన్న ఐసు ఫ్యాక్టరీకి గుమాస్తాను నేనే. దిమ్మలకు చీటీలు రాసేది నేనే. మా ఆయన వరసలో వచ్చి కిటికీ ముందు నిలబడితే, ముఖం బిగించి "ఎవరు మీరు?" అని అడుగుతాను. "మొగుణ్ణి" అంటాడు అంతకన్నా బిగించి. వెనకాల వాళ్ళు ఈలలు వేస్తారు.

పోయిన వారం పడవల సంఘం వాళ్ళు ఒక నివేదిక పంపి, మా ఆఫీసు ప్రింటరులో అరవై కాపీలు తీసి పెట్టమన్నారు. పట్నం నుంచి పిలిపించిన ఒక ఆర్థిక నిపుణుడు రాసినది. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వేట ఆపాలన్న నియమాన్ని ఇక ఎత్తేయవచ్చని అందులో ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక్కో వేటకు సగటున ముప్పై పెట్టెల చేప వచ్చింది, ఇప్పుడూ ముప్పై పెట్టెలే వస్తోంది, సముద్రంలో సంపద తగ్గలేదు, తగ్గనప్పుడు రెండు నెలలు చేతులు ముడుచుకుని కూర్చోవడం శుద్ధ నష్టం. పక్కనే ఒక గీత, చెరువు నీళ్ళలా సమంగా. ఎంత ముచ్చటగా ఉందో! ఒక కాపీ ఇంటికి పట్టుకెళ్ళి, వసారాలో చిరిగిన వల కుడుతున్న అత్తయ్యకు చదివి వినిపించాను.

"ముప్పై పెట్టెలా? నిజమే" అంది అత్తయ్య, సూది ఆపకుండా. "మీ మావయ్యా ముప్పై తెచ్చేవాడు, వీడూ ముప్పై తెస్తున్నాడు."

"చూశారా!"

"చూసేదేముందే? ఆయన తెల్లారి వెళ్ళి పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండేవాడు. నాలుగేసి రోజులు గుమ్మం వైపు చూసే యోగం నీకే పట్టింది. నాకైతే ఈ మనిషి మళ్ళీ ఎప్పుడు బయటికి పోతాడా అని ఉండేది."

నేను నవ్వబోయి ఆగిపోయాను.

సంఘం వాళ్ళ పట్టుబడి పుస్తకం నేను చూశాను. పడవ తిరిగొస్తే ఒక వరస రాస్తారు: పడవ నంబరు, వచ్చిన తేదీ, పెట్టెలు. ఎన్ని రోజులు పోయి వచ్చిందో రాసే గడి లేదు. ఆ పుస్తకం మొదలుపెట్టిన కాలంలో వేట అంటే ఒక పగలు, అందుకని గడి పెట్టలేదు. తర్వాత వేట రెండు రోజులైంది, మూడైంది, నాలుగైంది. పుస్తకం మాత్రం అలాగే అచ్చవుతూ వచ్చింది. నిపుణుడుగారు పెట్టెలు కూడి, వరసలతో భాగించి, గీత గీసి చేతులు దులుపుకున్నారు.

మర్నాడు ఫ్యాక్టరీ అటక మీద నుంచి పాత చీటీల కట్టలు దింపాను. ఇరవై ఏళ్ళ కిందట ఒక్కో వేటకు మా పడవ తీసుకెళ్ళిన ఐసు మూడు దిమ్మలు, అంటే ఒక్క రోజుకు సరిపడా. పదేళ్ళ కిందట ఆరు. ఇప్పుడు పన్నెండు. అన్ని పడవలదీ అదే కథ. అప్పుడు ఒక్క పగటికి దొరికిన చేప ఇప్పుడు నాలుగు రోజులు వెతికితే గాని దొరకడం లేదు. ముప్పావు వంతు పోయింది! దాన్ని పట్టుకుని "తగ్గలేదు" అని రాశారు, ఆ రాతకు నేను అరవై కాపీలు తీసి, పిన్నులు కొట్టి, అంచులు సరిచేసి మరీ ఇచ్చాను. ఒళ్ళు మండిపోయింది.

సమావేశం వేలం షెడ్డు మీది హాల్లో. కుర్చీల్లో మగవాళ్ళు, వెనక గోడ పొడుగునా ఆడవాళ్ళు. పడవకు ఒక చెయ్యి ఎత్తాలి. నిపుణుడుగారు తెర మీద ఆ గీత చూపించడం అయ్యాక నేను చీటీల కట్టతో ముందుకు వెళ్ళాను.

"ఏంటమ్మాయ్, ఐసు బిల్లులా?" అన్నాడు సంఘం పెద్ద. నలుగురు నవ్వారు.

"ఒక్క ప్రశ్నండీ. ఒక వేట అంటే ఎన్ని రోజులని లెక్కేశారు?"

నిపుణుడుగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "రోజుల సమాచారం రికార్డుల్లో లేదమ్మా."

"లేదన్న మాట నివేదికలో రాశారా?"

"అవసరమనిపించలేదు."

"మా వాడు నాలుగు రోజులు!" అని వెనక నుంచి అత్తయ్య అరిచింది. అంతే, గోడ గోడంతా లేచింది.

"మాకు ఐదు!"

"మా పెద్ద బోటుకి ఎనిమిది, రాసుకో నాయనా!"

"మా ఆయనైతే పది రోజులకి గాని రాడు."

"మీ ఆయన చేపల కోసం పోతేగా వదినా!"

హాలు గొల్లుమంది. నిపుణుడుగారు నవ్వు ఆగేదాకా ఓపిక పట్టి, ఇంకో బొమ్మ తెర మీదికి తెచ్చారు. "సరే, తగ్గిందనే అనుకుందాం. నీళ్ళలో వదిలేసిన చేప ఏడాదికి నాలుగు శాతం పెరుగుతుంది. అదే పట్టి, అమ్మి, బ్యాంకులో వేస్తే తొమ్మిది శాతం. ఏది లాభం? ఇది సిద్ధాంతం."

ఆ సిద్ధాంతం నాకు తెలుసు. మూడో ఏడు పరీక్షలో దాన్నే రాసి ఎనభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నాను. ఆ మార్కులు తల్చుకుంటే నా మీద నాకే కోపం వచ్చింది.

"ఎవరి బ్యాంకులో సార్?" అన్నాను. "ఈ హాల్లో డబ్బు దాచుకోగలిగేది పెద్ద బోట్లున్న నలుగురు. చేపంతా అయిపోయాక వాళ్ళు వడ్డీ తింటారు. వల కుట్టేవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, పెట్టెలు చేసేవాళ్ళు ఏం తింటారు? ఇంకా పుట్టని పిల్లల ఖాతా ఎక్కడుంది?"

"పుట్టని పిల్లలా! అప్పుడేనా అమ్మాయ్?" అని ఎవరో అన్నారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా లేచి నిలబడ్డాడు.

"మా నాన్న వల వేసిన చోటే ఇప్పుడు నేను వేస్తే వల తడుస్తుంది సార్. అంతే."

పెద్ద బోట్లున్న ఆ నలుగురిలో ఒకాయన విసుక్కున్నాడు. "మనం ఆగితే పక్క రేవు వాళ్ళు ఊడ్చుకుపోతారు. అప్పుడేం చేస్తారు?"

అంతవరకూ నోరు విప్పని మావయ్యగారు మెల్లగా అన్నారు. "వాళ్ళనీ ఆగమని అడుగుదాం. పక్కవాడు ఇంటికి నిప్పు పెట్టుకుంటున్నాడని మనం అగ్గిపెట్టె కొనుక్కుంటామా?"

చేతులెత్తారు. నియమం ఎత్తేయాలన్నవాళ్ళు ఇరవై ఇద్దరు, ఉండాలన్నవాళ్ళు ఇరవై తొమ్మిది. మా పడవకు ఈ ఏడాదికి గండం గడిచింది. నిజం చెప్పొద్దూ, రెండు నెలలు మా ఆయన ఇంట్లో ఉంటాడన్న ఊహకు నా కాళ్ళు అక్కడే గంతులేయబోయాయి. ఈలోగా సంఘం పెద్ద కాగితాలు సర్దుతూ, "వచ్చే ఏడాది సార్ కొత్త నివేదిక ఇస్తారు" అన్నాడు.

"దేన్ని చూసి ఇస్తారండీ? పుస్తకంలో రోజుల గడి పెట్టించండి."

"పుస్తకాలు మూడేళ్ళకు సరిపడా అచ్చయి ఉన్నాయమ్మా. అవి అయ్యాక చూద్దాం."

మూడేళ్ళు! ఇరవై ఏళ్ళు ఒక్క గడి గీయలేక సముద్రంలో ముప్పావు వంతు పోగొట్టుకున్నవాళ్ళకు మూడేళ్ళు ఒక లెక్కా? బల్ల మీదున్న పట్టుబడి పుస్తకం లాక్కున్నాను. నిపుణుడుగారి ముందున్న స్కేలు తీసుకుని, పేజీ అంచున నిలువుగా గీత గీసి, పైన "రోజులు" అని రాశాను.

"అమ్మాయ్, అది సంఘం పుస్తకం!"

"అందుకే సంఘంలో రాస్తున్నానండీ."

మా పడవ నంబరు ఎదురుగా నాలుగు వేశాను. కింది వరసలో ఉన్న పడవను నడిపే సరంగు మొదటి కుర్చీలోనే ఉన్నాడు. పెన్ను అతని వైపు చూపించాను.

"మీరెన్ని రోజులకొచ్చారన్నా?"

అతను సంఘం పెద్ద వైపు ఒకసారి, వెనక గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళావిడ వైపు ఒకసారి చూశాడు.

"ఆరు" అన్నాడు.

రాశాను.