నీలం పట్టీ లెక్క

మార్చి పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం ఉడికించిన గుడ్లూ బ్రెడ్డూ తిని, ప్లేట్లు సింకులో వదిలేసి, నేనూ మా అమ్మాయీ కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

అమ్మాయికి సైకిల్ పందేలే వృత్తి. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆ పొద్దున్నే మొదటిసారి ఎత్తురోడ్డు ఎక్కింది. నిమిషానికి తొంభైసార్లు పెడల్ తిప్పగలిగితేనే ఆదివారం పందేనికి జట్టులో చోటని కోచ్ ముందే చెప్పాడు. తీరా ఎక్కాక పెడల్ చుట్లు లెక్కపెట్టే సెన్సర్ మొరాయించింది. పక్కనే కారులో వస్తూ అల్లుడు ఫోన్‌తో తీసిన వీడియో ఒక్కటే మిగిలింది. దాన్ని చూసి సాయంత్రం ఆరులోగా లెక్క పంపమన్నాడు కోచ్.

రిటైరయ్యేదాకా ఇరవై ఎనిమిదేళ్లు టీవీ స్టేషన్‌లో ఎడిటింగ్ చేసినవాణ్ణి. అమ్మాయి కుడి మోకాలికి అంటించిన నీలం పట్టీ నాకు కలిసొచ్చింది. అది పైకొచ్చిన ప్రతిసారీ ఒక చుట్టు. ఒక్కో ఫ్రేమే జరుపుతూ లెక్కపెట్టాను. పది చుట్లకు నూట తొంభై రెండు ఫ్రేములు. కాగితం మీద భాగిస్తే నిమిషానికి డెబ్బై ఎనిమిది తేలింది.

అమ్మాయి ముఖం వాడిపోయింది. "పోన్లే నాన్నా, ఉన్నదే పంపు. కూతుర్ని కదా అని కలపకు."

"కలిపితే మీ అమ్మ కల్లోకొచ్చి చెవి మెలేస్తుంది."

పంపేముందు వీడియో ఇంకోసారి వేశాను. ఆ కాళ్ల వేగం డెబ్బై ఎనిమిదిలా లేదు. ఎందుకో తెలుసుకోవాలనిపించింది. వీడియోలో రోడ్డు పనుల దగ్గర సెకన్లు తగ్గిస్తూ ఒక సిగ్నల్ కనబడింది. పన్నెండు పోయి పదకొండు పడ్డాక, అది పోయి పది పడేలోపు ఎన్ని ఫ్రేములో చూశాను. ముప్పై.

నవ్వొచ్చింది. "తల్లీ, మా స్టేషన్‌లో సెకనుకి ఇరవై ఐదు ఫ్రేములే. అలవాటుకొద్దీ దాంతోనే లెక్క కట్టేశా. మీ ఆయన ఫోను ముప్పై తీస్తోంది."

"అయితే ఎంత?"

"తొంభై మూడు ముప్పాతిక."

"ముప్పాతిక వదిలెయ్యకు నాన్నా. అదీ తొక్కిందే."

సిగ్నల్ ఫ్రేములతో సహా పంపాను. పావుగంటకు కోచ్ ఫోన్ చేశాడు. "ఆదివారం పొద్దున్న ఐదింటికల్లా జట్టు బస్సు దగ్గరుండమనండి. ఆ ఫ్రేముల లెక్క నాకూ నేర్పండి సార్."

ఎనిమిదిన్నరకే అమ్మాయి నిద్రపోయింది. కుడికాలు దుప్పటి బయటే ఉంది. పట్టీ అంచు కాస్త లేచింది. మెల్లగా అదిమి, దుప్పటి కప్పి, లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు వేశాను.