అతనికి చెప్పని మనవి

మరియమ్మ గుళ్ళో సాయంత్రం జపమాల చెప్పించేది మైకుగారే. అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు ఆయనది. గుడికి సౌండు సెట్టు ఊరికే ఇచ్చాడు, దాంతోపాటు తన గొంతూ ఇచ్చాడు. ఖంగుమనే గొంతు. పది పూసలు కాగానే కాస్త ఆగి నాలుగు మాటలు చెప్పేవాడు.

"టీవీకి దొరికే టైము మరియమ్మకు దొరకదా? ఒక్క పావుగంట మీ పెళ్ళాంబిడ్డల పక్కన మోకరిస్తే మీ సొమ్మేం పోతుంది?"

ఆడవాళ్ళు మొగుళ్ళకేసి ఓరగా చూసేవాళ్ళు. మగవాళ్ళు తలలు దించుకునేవాళ్ళు.

సరిగ్గా అదే సమయానికి ఆయన ఇంట్లో భార్య, అత్తగారు, కాలేజీకెళ్ళే కూతురు ముందుగదిలో చాప పరుచుకుని జపమాల చెప్పుకునేవాళ్ళు. ఆయన ఒక్కరోజూ వాళ్ళతో కూర్చోలేదు. "ఆదివారమన్నా మాతో ఉండండి" అని భార్య మొదట్లో అడిగేది.

"గుళ్ళో అందరికీ చెప్పించి వస్తున్నా కదే! ఇదేమన్నా బట్టా, రెండుసార్లు ఉతకడానికి?" అన్నాడు ఓసారి. ఆవిడ నవ్వేసింది. తర్వాత అడగడం మానేసింది.

ఓ సాయంత్రం గుళ్ళో ఆంప్లిఫయరు మాడి పొగలొచ్చాయి. "ఈ పూటకి మైకు లేకుండానే కానిద్దాంలెండి" అన్నారు ఫాదర్‌గారు.

"వెనక బెంచీలకు వినపడొద్దా, ఫాదర్?" అని మొహం మాడ్చుకుని, పెట్టె చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

గుమ్మం బయట ఒక బూటు విప్పి రెండోదాని ముడి లాగుతుండగా అత్తగారి గొంతు వినబడింది. ఆ ఇంట్లో ప్రతి పది పూసలకీ ముందు ఒకరు తమ మనవి పైకి చెప్పుకుంటారు.

"ఈ పది మా అమ్మాయి కోసం, తల్లీ. గురువారం రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపుతామన్నారు. చెడ్డది కాకుండా చూడు."

ఆ పది అయ్యాక కూతురు అందుకుంది. "ఇది నాన్న కోసం. అమ్మ సంగతి తెలిశాక నాన్న అరవకుండా ఉండాలి."

"అలా అనకే" అంది భార్య మెల్లగా. "ఆయనకి భయమేస్తేనే గొంతు లేస్తుంది."

మైకుగారు ఒంటి బూటుతోనే లోపలికొచ్చాడు. "నాకెందుకు చెప్పలేదు?" అని గట్టిగా అరిచాడు. కిటికీ అద్దం అదిరింది. కూతురు కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఏది జరగకూడదని ఆ పిల్ల ఇప్పుడే వేడుకుందో అదే చేశాడు. ఆ మూసుకున్న కళ్ళు చూడగానే ఆయన వంగి రెండో బూటు విప్పాడు.

"చెబ్దామనే అనుకున్నానండీ" అంది భార్య. నిష్ఠూరమేం లేదు ఆ గొంతులో. "ఒకసారి ఫోన్లో ఉన్నారు. ఇంకోసారి, గుళ్ళో ఏం మాట్లాడాలో ఆలోచించుకుంటున్నా, కాస్త ఆగు అన్నారు."

ఆయనకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మైకు ముందు తను మాట్లాడింది, భార్యాభర్తలు మనసు విప్పి చెప్పుకోవాలని. బాగా చెప్పారని ఇద్దరు ముగ్గురు చెయ్యి కలిపారు కూడా. చెవులు కాలినట్టయింది.

"కూర్చో బాబూ, ఇంకో పది ఉంది" అంది అత్తగారు, చాప మీద జరుగుతూ.

కూర్చున్నాడు. జేబులు తడుముకున్నాడు. జపమాల గుళ్ళోనే, మైకు పక్కన వదిలేసి వచ్చాడు. భార్య తన జపమాల రెండో కొస ఆయన చేతికందించింది.

"ఈ పది..." అన్నాడు. ఊరందరికీ చెప్పిన నోటికి తన ఇంటికోసం ఒక్క మాట రాలేదు.

"మొదలుపెట్టు, ఆ తల్లికి తెలుసులే" అంది అత్తగారు.

మొదలుపెట్టాడు. అలవాటుకొద్దీ గుళ్ళో రాగమే వచ్చింది. ఆ చిన్న గదిలో అది స్టేషన్లో ప్రకటనలా మోగింది. సిగ్గుతో గొంతు తగ్గించాడు. ప్రార్థన సగం తను చెప్పి ఆగితే, మిగతా సగం ముగ్గురూ కలిసి అందుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ మూడు గొంతులు తన కోసం కూడా ఇలాగే కలిసేవని అప్పుడు తెలిసింది.

గురువారం ఆస్పత్రికి తనే తీసుకెళ్ళాడు. వరండాలో బల్ల మీద కూర్చుని ఇద్దరూ పెదవుల మీదే జపమాల చెప్పుకున్నారు. తర్వాతి వారం కబురొచ్చింది. గడ్డ చెడ్డది కాదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలన్నారు. అత్తగారు ఏడ్చేసింది. ఆయన మాత్రం భార్య కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు.

పెట్టె బాగుచేసి గుళ్ళో బిగించి, మైకు ఫాదర్‌గారి చేతికిచ్చాడు. "ఇకనుంచి వేరే ఎవరిచేతనైనా చెప్పించండి, ఫాదర్."

"ఏం, ఇంట్లో ఏదన్నా ఇబ్బందా?"

"ఇంట్లో నా వంతు ఉందండీ" అన్నాడు తలొంచుకుని.

రోజూ చాప మీద కూర్చునేవాడు. కానీ ఆయన ఉంటే కూతురు మనవి పైకి చెప్పేది కాదు. "నాది మనసులో అనుకున్నా" అనేది. ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది. ఎందుకని అడిగే మొహం తనకు లేదని ఊరుకునేవాడు.

చాన్నాళ్ళ తర్వాత ఓ సాయంత్రం ఆ పిల్ల గొంతు సవరించుకుంది. "ఈ పది నా కోసం. లెక్కల పరీక్ష తప్పాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

భార్య, అత్తగారు ఇద్దరూ ఆయనకేసి చూశారు. మైకుగారు జపమాల చేతిలోకి తీసుకున్నాడు. పూస పట్టుకుని, ముగ్గురికీ వినపడేంత గొంతుతో ఆ పది మొదలుపెట్టాడు.