సింగనకోట ఉత్తరపు గోడ

ఫిరంగి దెబ్బకు కూలిన గోడ రాళ్లు ఆ గోడ కిందే పడి ఉండాలి గదా, మరి అవి ఏమైనట్టు? బడికి పోయే రోజుల నుంచీ గురుమూర్తికి ఈ అనుమానం ఉంది. సింగనకోటలో ఎవరిని అడిగినా ఒకటే మాట: నాలుగు వందల ఏళ్ల నాడు శత్రువులు వచ్చి కోటను పేల్చేశారని. ఉత్తరపు గోడ ఉండాల్సిన చోట మాత్రం ఒక్క రాయి లేదు. రేగుచెట్లున్నాయి, వాటి పక్కన ముసలి ఏసమ్మ కాపురముంటున్న మట్టికొట్టం ఉంది.

ఆ సోమవారం గురుమూర్తి పూజ ముగించుకుని అంగడి తెరవబోతుంటే కోట వాకిలి దగ్గర జనం మూగి కనిపించారు. బెలుం గుహలు చూసేవాళ్లు ఇటూ వస్తారని శత్రువులు ఫిరంగులతో కోటను కూల్చారని రాసిన చరిత్ర బోర్డును కోట కమిటీ తెప్పించింది. కమిటీ పెద్ద మహేష్ ఏసమ్మ మీద అరుస్తున్నాడు.

"శత్రువులు కూలగొట్టి పోయినారు, మిగిలిన రాళ్లు మీ తాతలు ఎత్తుకపోయినారు. రేపటికి కొట్టం తీసెయ్యాల. ఈడ టికెట్ల గది కడతాం."

ఏసమ్మ కొంగు బిగించింది. "ఎత్తింది మా తాతే. ఎవురి బండ్లకెత్తినాడో చెప్పమంటావా మహేశప్పా? మీ మిద్దెకెత్తినాడు. ఈ గురుమూర్తి శెట్టి ఇంటికెత్తినాడు. కూలికి బదులు మా గడప ముందరికి ఒక మెట్టురాయి ఇస్తామని శెట్టి తాత మాటిచ్చినాడు. అదీ ఇయ్యల్యా. నా కొట్టంలో ఒక్క కోటరాయి చూపించు, నేనే పోతా!"

"ముసల్దాని నోరే ఫిరంగప్పా!" అన్నాడెవడో. జనం నవ్వారు.

గురుమూర్తికి నవ్వు రాలేదు. తన ఇంటి మెట్టు అంచున చెక్కిన ఏనుగు ఉంది. అది యాడిదని చిన్నప్పుడు అడిగితే నాయన "కొన్నాం లేరా" అన్నాడు. కొన్నారంట! దొంగసొత్తుకు రోజూ పసుపు రాసి లక్ష్మిని రమ్మని పిలిచారా ఇన్నేళ్లూ? ఆ తల్లి ఏమనుకుని ఉంటుంది?

"మహేషూ, ఆ బోర్డు తీసెయ్."

"ఏంది మామా, నీకేమొచ్చింది?"

"కోపమొచ్చింది. ఫిరంగీ ల్యా, గిరంగీ ల్యా. కోటను తిన్నది మనం. ఈయమ్మ కొట్టం తియ్యాలంటే ముందు మన ఇండ్లు తియ్యాల. గడ్డపార తెస్తా, రా, మా ఇంటితోనే మొదలుపెట్టు."

"ఊరి పరువు తీస్తాండావ్ మామా!"

"ఉంటే గదరా తీసేదానికి! పురావస్తు ఆఫీసర్ల కాడికి నేనే పోతా. మా తాత చేసింది రాసిచ్చి సంతకం పెడతా. నీ మిద్దె సంగతి గూడా రాస్తా."

ఎవరింటి పునాది వాళ్లకు గుర్తొచ్చినట్టుంది, ఒక్కొక్కరే జారుకున్నారు. మహేష్ కాసేపు పళ్లు నూరాడు. "ఉండనీలేప్పా ఆ కొట్టం, టికెట్ల గది ఇంకో పక్క కడదాం" అని బోర్డును ఆటోలోకి ఎత్తించాడు.

మరునాడు గురుమూర్తి బండల గనులున్న బేతంచెర్ల పోయి ఒక బండ కొన్నాడు. తెచ్చి ఏసమ్మ వాకిట్లో దించాడు.

"కోటరాయి కాదు గదా? మళ్లా నన్నే దొంగంటారు."

"కాదు. బిల్లుంది."

పంచె ఎగగట్టి, మట్టి తవ్వి, గడప ముందర బండను తానే పరిచాడు. ఏసమ్మ నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"మూడు తరాలకిచ్చి, అదీ వంకరగా యేస్తాండావే శెట్టీ! ఆ పక్క ఎత్తు."

ఎత్తి, కింద ఇసుక పోశాడు. ఆమె రెండు కాళ్లూ పెట్టి నిలబడింది. బండ కదల్లేదు.

"సరే," అంది ఏసమ్మ. "మీ తాత బాకీ తీరింది."