ఏమీ కలపని గిన్నె

ఆయన పరిశోధనలో రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. అందుకు ఇంట్లో పెళ్లాం ఉండనే ఉంది. ఆమె రక్తంలోంచి తెల్లకణాలు తీసి రెండు గిన్నెల్లో పోస్తారు. ఒకదాంట్లో సూక్ష్మజీవుల పెంకు పొడి కలిపితే కణాలు ఉలిక్కిపడి, నిద్రపోయే జన్యువులను లేపి మంట రాజేస్తాయి. ఏమీ కలపని రెండో గిన్నెలో ఆ జన్యువులు పడుకునే ఉండాలి.

ఈసారి రెండు గిన్నెల్లోనూ లేచి కూర్చున్నాయి. మళ్లీ రక్తం లాగారు. మళ్లీ అంతే.

"నా కష్టమంతా మట్టిపాలు చేశావు కదే!" అని ల్యాబులో అందరిముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

మోచేతి మీద దూది అదుముకుని ఆమె కుర్చీలో ముడుచుకుపోయింది. కీళ్లు సలుపుతున్నాయని చలికాలం నుంచీ మొత్తుకుంటూనే ఉంది. పని ఎగ్గొట్టే సాకులని ఆయన కొట్టిపారేశాడు.

సహాయకురాలు ఉండబట్టలేక, "సార్, గిన్నెల తప్పేం లేదు. మేడంగారికే ఏదో జబ్బుంది. డాక్టరుకి చూపించండి," అంది.

ఆయన మొహం విప్పారింది. ఇన్నాళ్లకు నమ్మాడనుకుని ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"మంచిమాట చెప్పావ్. రోగుల గుంపులో ఒకరు తక్కువయ్యారుగా, దీన్ని అందులో వేసెయ్," అని పెళ్లాం వైపు తిరిగాడు. "ఇదిగో, నా పేపరు అచ్చయ్యేదాకా మందులేవీ మింగకు. కణాలు చల్లబడిపోతాయి."