పెరుగన్నంలో మాత్ర

ఉదయగిరి కొండ కింద నిరామయ పీఠంలో ఏటా మందుల హోమం జరుగుతుంది. భక్తులు బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, దగ్గు సిరప్పులు తెచ్చి గుండంలో వేస్తారు. స్వామి పైనుంచి నెయ్యి పోస్తాడు. ప్లాస్టిక్ కాలిన కంపుకు పక్క చేలో కూలీలు ముక్కులు మూసుకుంటారు. లోపలున్న వాళ్ళు మాత్రం అది రోగాలు కాలే వాసన అంటారు. నాకు ఆత్మకూరు బస్టాండు దగ్గర మందుల షాపుంది. హోమం అయిన వారం నాకు గిరాకీ ఎక్కువ. గుండంలో వేసిన మాత్రల్నే మళ్ళీ ఇమ్మని ఆ భక్తులే వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు. పైగా నల్ల కవర్లో పెట్టి ఇమ్మంటారు. ఇంతకంటే సిగ్గులేని మనుషులు భూమ్మీద ఉండరనుకునేవాణ్ణి. తర్వాత వంశీని చూశాను.

వంశీ సంగతి చెప్పేముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అక్క రేణుకాదేవిని మర్రిపాడులో ఇచ్చారు. బావ గొర్రెల మంద తోలుకుని మేతకు పోతే నెలల తరబడి ఇంటికి రాడు. ఇంట్లో ఉండేది అక్క, ఆమె అత్త పోలేరమ్మ, కూతురు అశ్విత. అశ్వితకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. నెల్లూరు డాక్టరు రాసిన మాత్ర రోజూ రాత్రి వేసుకున్నంత కాలం పిల్ల బాగానే ఉంది. ఉన్నట్టుండి మానేస్తే ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగకపోవచ్చనీ, ప్రాణానికే ముప్పనీ ఆయన మా అందరి ముందే చెప్పాడు. అయినా రెండేళ్ళ కింద అక్క పీఠంలో చేరి కూతురి మాత్రలన్నీ హోమంలో వేసింది. స్వామి పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత ఫిట్స్ రాలేదు.

దాంతో అక్కకు ముందు వరసలో చాప దొరికింది. ఏ పెళ్ళిలోనూ ఎవరూ పిలిచి కూర్చోబెట్టని మనిషి, స్వామి కాళ్ళ దగ్గర కూర్చుని వెనక వరసల వాళ్ళను తిరిగి తిరిగి చూసేది. అశ్వితకు మైకు దొరికింది. ఆత్మకూరులో డిగ్రీ చదివే పిల్ల, ఆదివారం వస్తే తన జబ్బు ఎలా పోయిందో చెప్పి జనాన్ని ఏడిపించేది. అబద్ధం చెప్పేది కాదు. నిజంగా నమ్మే చెప్పేది.

జబ్బు ఎక్కడికీ పోలేదు. హోమం అయిన మర్నాడే పోలేరమ్మ మా షాపు మెట్లెక్కింది.

"అబ్బయా, మీయక్క కాల్చిన మాత్రలు మళ్ళీ ఇయ్యి."

"అశ్విత వేసుకుంటాదా అత్తా?"

"అది యాడ వేసుకుంటాది? దానిగ్గూడా సామి పిచ్చి పట్టె. పొడి జేసి పెరుగన్నంలో కలుపుతాలే."

నేను డాక్టరుకు ఫోన్ చేశాను. పిల్లకు చెప్పకుండా పెట్టడం ఏం పద్ధతని ఆయన నన్ను తిట్టాడు. తిట్టి, మానడం కంటే అదే నయమనీ, ఆ మాత్రను పొడి చేసినా ఫరవాలేదనీ అన్నాడు. అప్పట్నుంచి పోలేరమ్మ రోజూ రాత్రి పెరుగన్నం కలుపుతోంది. ఆమె చేతి పుణ్యం స్వామి ఖాతాలో పడుతోంది. నాకు ఒళ్ళు మండేది, కానీ పిల్ల క్షేమంగా ఉందని నోరు మూసుకున్నాను.

ఇక వంశీ. చేజర్ల పక్క బాగా భూములున్న ఇంటి కుర్రాడు. ఇంజనీరింగు చదివాడు. ఆత్మకూరులో వాళ్ళ నాయన ఎరువుల కొట్టు పైన ఏసీ గదిలో కూర్చుని 'నిగ్గు తేల్చు నెల్లూరు' అని ఒక పేజీ నడుపుతాడు. కెమెరా, ఎడిటింగు అతని స్నేహితుడు నవీన్ పని. మూఢనమ్మకాలను పెకిలిస్తామంటారు. ఏడాదిగా పీఠం మీద పడి, రోజుకొక వీడియో పెడుతూ, పీఠం వాళ్ళతో కామెంట్లలో అమ్మనా బూతులు తిట్టుకుంటూ దాన్ని ఉద్యమం అనేవారు.

ఈ ఎండాకాలం పీఠం వాళ్ళు మర్రిపాడు వచ్చి, అశ్విత ఇంట్లోనే 'అనుగ్రహం' అని వీడియో తీసి పెట్టారు. పిల్ల వాకిట్లో కూర్చుని మాట్లాడుతుంటే వెనకాల వంటింట్లో పోలేరమ్మ ఏదో నూరుతోంది. ఆ ముసలామెకు కెమెరా ఎంత దూరం చూస్తుందో ఏం తెలుసు? నవీన్ ఆ చోట ఆపి, పెద్దది చేసి, ఆమె కాలి దగ్గరున్న మాత్రల షీటు మీద పేరు చదివాడు. తెల్లారేసరికి ఎర్ర బాణాలు, గుండ్రటి గీతలతో వీడియో వచ్చేసింది. 'అద్భుతం కాదు, అవ్వ చేతివాటం' అని దాని పేరు. అశ్విత మొహం, ఊరు, కాలేజీ అన్నీ అందులో ఉన్నాయి.

ఆ వీడియోను అశ్విత కాలేజీలో, నలుగురు స్నేహితుల మధ్య కూర్చుని చూసింది. సాయంత్రం ఇంటికి వచ్చి, అవ్వ పెట్టిన కంచం నెట్టేసింది. మర్నాడు పీఠం స్వామి జవాబు పెట్టాడు. పీఠం పెట్టకముందు ఆయన కావలి దగ్గర ప్లాట్లు అమ్మేవాడు. గొంతులో ఆ తీపి ఇంకా పోలేదు.

"మా బిడ్డ వచ్చే పౌర్ణమి దాకా మా పీఠంలోనే ఉంటుంది. మాత్ర ముట్టదు. ప్రతి సాయంత్రం లైవ్‌లో చూపిస్తాం. సందేహం ఉన్నవాళ్ళు వచ్చి కూర్చోండి."

అశ్విత తన ఇష్టంతోనే పోయింది. అక్క వెంట ఉండి తీసుకుపోయింది. వంశీ పేజీలో 'సవాలు స్వీకరించాం' అని పెట్టాడు. దాని కింద, పిల్లకు ఎన్నో రోజు ఫిట్స్ వస్తాయని జనం పందేలు కాస్తున్నారు. అది చూసి నేను షాపు మూసి ఎరువుల కొట్టు పైకి ఎక్కాను.

"వంశీ, ఆ వీడియో తీసెయ్యి నాయనా. పిల్ల పంతానికి పోయి మాత్ర మానేసింది," అన్నాను.

"తీసేస్తే మేం ఓడిపోయినట్టు గదన్నా."

"కనీసం మొహమన్నా కనపడకుండా చెయ్యి."

"బ్లర్ వేస్తే రీచ్ రాదన్నా," అన్నాడు నవీన్ తలెత్తకుండా.

"దానికి ఫిట్స్ వస్తే ప్రాణం మీదికి వస్తాదిరా! డాక్టరే చెప్పినాడు."

వంశీ నా భుజం మీద చెయ్యి వేశాడు. మంచి చదువు చదువుకున్న చెయ్యి.

"నువ్వు పెద్దగా ఆలోచించాలన్నా. పాపకు లైవ్‌లో ఒక్కసారి వస్తే చాలు, పీఠం మూతబడతాది. ఎన్ని వందల మంది బయటపడతారో చూడు."

ఆ చెయ్యి విదిలించి కిందికి దిగాను. స్వామికి పిల్ల ఫిట్స్ వచ్చి పడకూడదు, వీడికి పడాలి. పిల్ల ఇద్దరికీ అక్కర్లేదు. ఇంతకాలం స్వామిని ఒక్కణ్ణే తిట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పోలీసు స్టేషన్‌కు పోతే పిల్ల మేజరన్నారు. పీఠానికి పోతే అక్క గేటు దగ్గరికి వచ్చి, నువ్వు మందులమ్ముకునేవాడివి, నీకు మా స్వామి నచ్చడులే అంది. వెనక నుంచి అశ్విత వచ్చింది. రెండేళ్ళుగా నవ్వుతూ చూసిన మొహం రాయిలా ఉంది.

"రెండేళ్ళు నాకు అబద్ధం తినిపించినారు మామా. మైకులో నేను చెప్పిందంతా అబద్ధమైపోయె. ఇప్పుడన్నా నిజమో కాదో నన్ను చూసుకోనీ."

"చూసుకోడానికి నువ్వుండాల గదమ్మా."

"పోతే పోతా," అని వెనక్కి తిరిగింది.

మూడో రోజు మధ్యాహ్నం పోలేరమ్మ మర్రిపాడు నుంచి బస్సులో దిగింది. నన్ను ఉదయగిరికి ఆటో మాట్లాడమంది. మనవరాలిని బతిమాలుతుందేమో అనుకున్నాను. దారంతా సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది.

లైవ్ మొదలయ్యే వేళకు పీఠం రేకుల షెడ్డు నిండిపోయింది. ఎత్తు పీట మీద స్వామి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తెల్లచీర కట్టుకుని అశ్విత, కింద ముందు చాప మీద మా అక్క. పీఠం వాళ్ళ కెమెరా ఒక పక్క. ఇంకో పక్క వంశీ, నవీన్ ట్రైపాడ్ వేసుకుని కూర్చున్నారు. ఏడాది పాటు ఒకరినొకరు తిట్టుకున్న వాళ్ళు, ఒకే ప్లగ్గు పెట్టె నుంచి వైర్లు లాక్కుని, ఒకే ట్రేలో వచ్చిన టీ తాగుతున్నారు. నేను పిల్లనే చూస్తున్నాను. కళ్ళ కింద నలుపు తేలింది. కుడి చేతి వేళ్ళు ఊరికే కదులుతున్నాయి. అలా కదిలినప్పుడల్లా నవీన్ కెమెరాలోకి వంగుతున్నాడు.

స్వామి మాట మొదలుపెట్టాడు. పోలేరమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచింది. నేను వెంటే ఉన్నాను. పీట ముందుకు చేరాక ఆగి, చేతిలో సంచి నా చేతికిచ్చింది.

"ఇది పట్టుకో అబ్బయా," అంది.

అని దభాలున కింద పడింది. కుడి చెయ్యి మెలి తిరిగింది. మెడ ఎడమకు వాలింది. పళ్ళు కరుచుకుని, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ, నోటి నుంచి నురగ. జనం కేకలు వేస్తూ లేచారు. మొదట నేనూ నిజమే అనుకున్నాను. ఆ తర్వాత చేతిలో సంచి చూసుకున్నాను. ఫిట్స్ వచ్చే మనిషి సంచి అప్పగించి పడదు. పైగా అవి పోలేరమ్మ ఫిట్స్ కావు. ముందు కుడి చెయ్యి, తర్వాత మెడ, ఆ మూలుగు, అచ్చంగా అశ్వితవి. పిల్ల ఆరేళ్ళప్పటి నుంచి ఒళ్ళో పెట్టుకుని చూసింది గదా, ఒక్కటీ మర్చిపోలేదు.

స్వామి పీట దిగి రెండడుగులు వెనక్కి వేశాడు. రోగాలను చూపుతో కాల్చే మనిషి పంచె సర్దుకుంటూ, "ఈమె మన శిష్యురాలు కాదు, దీక్ష తీసుకోలేదు, లైవ్ ఆపండి," అని అరిచాడు. ఇటుపక్క నుంచి ఇంకో అరుపు.

"నవీన్, ముసలామెను కాదురా! పాపను పెట్టు, పాపను! షాక్‌లో ఇప్పుడు వస్తాది!"

అన్ని ఫోన్లు లేచి ఉన్నాయి, ఒక్క చెయ్యీ కిందికి రాలేదు. అందరి కంటే ముందు కదిలింది మా అక్క. ఆమె ఆలోచించినట్టు లేదు. చాప మీద నుంచి ఒక్క దూకు దూకి అత్తను పక్కకు తిప్పి, తలకింద చెయ్యి పెట్టి, నోటి నురగ కొంగుతో తుడిచింది. మాత్ర కుదిరేదాకా కూతురికి చేసిన పని అది. చేస్తూ చేస్తూ అత్త మెలి తిరిగిన చేతిని చూసి ఆగిపోయింది. గుర్తుపట్టింది. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని భోరుమని ఏడ్చింది.

"అశ్వితా, రావే! ఇంటికి పోదాం రా!"

అశ్విత కుర్చీలోంచి లేచి వచ్చింది. స్వామి ఏదో అన్నాడు, వంశీ ఏదో అన్నాడు, ఎవరి మాటా ఆమె వినిపించుకోలేదు. ముగ్గురం కలిసి పోలేరమ్మను ఆటోలోకి ఎక్కించాం. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆటో ఉదయగిరి దాటకముందే నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. స్వామి కరుణతో వృద్ధురాలికి ప్రాణగండం తప్పిందని పీఠం పెట్టింది. 'పీఠంలో కుప్పకూలిన వృద్ధురాలు, నిలదీసిన నిగ్గు తేల్చు నెల్లూరు' అని వంశీ పెట్టాడు. ఆమె బతికుందో లేదో ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. థూ అని ఫోన్ జేబులో వేసుకున్నాను.

వెనక సీట్లో పోలేరమ్మ కోడలి ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. అశ్విత ఆమె మొహంలోకే చూస్తోంది. వంగి అడిగింది.

"అవ్వా, నాకు అట్టనే వస్తాదా?"

"అట్టనే." పోలేరమ్మ కళ్ళు తెరవలేదు. "నువ్వు ఎప్పుడూ చూళ్ళేదు గదా. చూసేది మేమే."

తన ఫిట్స్ తను చూసిన మనిషి ఎవరుంటారు? ఆ మాట మా ఎవ్వరికీ ఇన్నేళ్ళలో తట్టలేదు. పిల్లకు ఉపన్యాసాలు ఇచ్చాం, భయపెట్టాం, మాయ చేశాం. చూపించింది మాత్రం ఇదే మొదలు.

అశ్వితకు నాటకం అర్థమైంది. "మళ్ళీ నన్ను మోసం జేసినావు గదా అవ్వా."

పోలేరమ్మ ఇప్పుడు కళ్ళు తెరిచింది. బిగించిన ఎడమ గుప్పిట విప్పింది. అంతసేపు నేలకేసి కొట్టుకున్నా విప్పని గుప్పిట అది. చెమటకు తడిసిన మాత్ర ఒకటి అరచేతికి అతుక్కుని ఉంది.

"ఇది మోసం గాదు. కనపడేటట్టే ఇస్తా ఉండా. వేసుకుంటే వేసుకో, లేకుంటే రోడ్డు మీదికి ఇసిరెయ్యి. నీ ఇష్టం."

అశ్విత వెంటనే తీసుకోలేదు. తల తిప్పి వాళ్ళమ్మ వంక చూసింది. మా అక్క కన్నీళ్ళు తుడుచుకుని, కాళ్ళ దగ్గరున్న నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, కూతురి చేతికిచ్చింది.